బస్సు వెనకాల చిలక

నవంబరు 4

ఒరేయ్ ఫ్యూజూ,

ఫోను చేయక ఉత్తరమెందుకు అంటావేమో. మొన్న ఫోనులో నీతో మాట్లాడి నా గొంతు పోయింది. గొడవేమిటని పక్కింటివాళ్ళు తొంగి చూశారు. నీకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. ఇన్నేళ్ళు లారీ హారన్లలో తల దూర్చి బాగుచేసినవాడికి చెవులెక్కడ మిగులుతాయిలే. అందుకే కాగితం మీద పెడుతున్నాను. చదివి, వినబడలేదని మాత్రం అనకు.

సంగతేమిటంటే మన చిలకకి దీపాలు కావాలి. నువ్వు దాన్ని చూసి చాలాకాలమైంది కాబట్టి చెబుతున్నాను, బండి ఇంకా అలాగే నిగనిగలాడుతోంది. అదే ఆకుపచ్చ రంగు, అదే పొడుగాటి ముక్కు, అవే రెండు సీట్లు. ఆ రోజుల్లో పందేలకి తోలిన కారు అంటే ఇప్పటి పిల్లలు నమ్మరు, ఇంజను మోగించి చూపిస్తే నమ్ముతారు. కానీ హెడ్‌లైట్లు మాత్రం ముసలివైపోయాయి. ఎదురుగా వచ్చేవాడు దీపాలు వేసుకోలేదేమని నన్నే తిడుతున్నాడు.

మీ అక్క వారానికి మూడు రోజులు కనుమ దాటి పై ఊరి కంటాసుపత్రికి వెళుతుంది కదా. అక్కడ అక్షరాల అట్ట ముందు జనాన్ని కూర్చోబెట్టి, ఇది కనబడుతోందా, అది కనబడుతోందా అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడిగే ఉద్యోగం. నేను సర్వే ఆఫీసు నుంచి రిటైరైన దగ్గర్నుంచీ చిలకలో నేనే దింపి, నేనే తీసుకొచ్చేవాణ్ణి. సెప్టెంబరులో ఒకనాడు పొద్దున్నే కనుమలో మంచు పట్టింది. కల్వర్టు మలుపులో ఎడమ చక్రం కాలవలోకి దిగింది. కంగారుపడకు, ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. వెనక వచ్చిన పాల వ్యానువాళ్ళు తాడు కట్టి లాగేశారు. మీ అక్క బ్యాగు దులుపుకుని ఆ పాల వ్యానెక్కి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి బస్సు.

భయపడింది, పాపం. అడిగితే చెప్పదు. వంట చేస్తుంది, మాట్లాడుతుంది, నవ్వుతుంది కూడా, కానీ చిలక పేరెత్తితే బస్సు టైమైందంటుంది. నాకు ఇంట్లో కాలు నిలవడం లేదురా. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని బండి తోలడం నావల్ల కాదు. దారి పట్టపగల్లా కనబడితే ఆ భయం పోయి మళ్ళీ ఎక్కుతుంది. కాబట్టి రెండు ఫాగ్ లైట్లు, రెండు లాంగ్ లైట్లు, మొత్తం నాలుగు పంపు. వాటికి కావాల్సిన తీగలూ స్విచ్చులూ కూడా. బిగించడం నేను చూసుకుంటాను. కొండలూ లోయలూ కొలిచినవాణ్ణి, నాలుగు దీపాలు పెట్టుకోలేనా?

ఈ సంగతి మీ అక్కకి రాయకు. పెట్టాక చూపిస్తాను.

పార్సెల్ కోసం కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న
మీ బావ


నవంబరు 12

బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. పాపం భయపడింది అని నువ్వు రాసిన చోట ఆపి, మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. వదినకి భయమా అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది. నాకూ అదే అనుమానం. చిన్నప్పుడు మా ఇంట్లో పాము దూరితే నేను మంచమెక్కి అరిచాను, చీపురు తెచ్చింది అక్క.

సరే, అది మీ మొగుడూపెళ్ళాల సంగతి. నా సంగతి దీపాలు. పార్సెల్లో రెండే వస్తాయి, పసుపు అద్దాల ఫాగ్ లైట్లు. లాంగ్ లైట్లు పంపడం లేదు. అలగకుండా కారణం విను. ఫాగ్ లైటు వెలుగు వెడల్పుగా, పల్చగా, నేలబారుగా పరుచుకుంటుంది. మంచు కిందనుంచి దూరి రోడ్డు అంచులు చూపిస్తుంది. లాంగ్ లైటు పని వేరు. మంచు లేనప్పుడు, ఎదురుగా ఎవరూ రానప్పుడు, దూరం చూపించడానికి అది. దాన్ని మంచులో వేస్తే ఆ వెలుగంతా నీటి తుంపరకి తగిలి నీ మొహానికే తిరిగొస్తుంది. ఎదురుగా తెల్ల దుప్పటి కట్టినట్టుంటుంది. ఎంత వెలుగు పెంచితే అంత గుడ్డితనం. ఇది నువ్వు కొలిచిన కొండల్లాంటిది కాదు.

ఇంకోటి. చిలకలో ఉన్నది పాతకాలపు డైనమో. హెడ్‌లైట్లూ వైపర్లూ వేసేసరికే దానికి ఆయాసం. నాలుగు దీపాలు తగిలించావంటే మీటర్లో ముల్లు మైనస్ వైపు పడిపోతుంది, బ్యాటరీ కనుమ మధ్యలో చేతులెత్తేస్తుంది. నేను చెప్పినట్టు చెయ్. దీపాలు బంపరు కింద, నేలకి దగ్గరగా పెట్టు. ఎర్త్ తీగ బిగించేచోట పెయింటు గీకు. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టు. రిలే వాడటం మర్చిపోకు. రిలే అంటే ఏమిటని అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నా, స్విచ్చు ఆఫీసులో గుమాస్తా అనుకో, రిలే బయట హమాలీ. గుమాస్తా చెబుతాడు, హమాలీ మోస్తాడు. మూట తీసుకెళ్ళి గుమాస్తా నెత్తిన పెట్టావో, పొగలొస్తాయి.

అన్నిటికన్నా ముందు ఒక మాట. దీపాలు కావాలని అక్క అడిగిందా, నువ్వే అనుకున్నావా?

చెవులు లేకపోయినా చేతులున్న
నీ బావమరిది


నవంబరు 24

ఒరేయ్ ఫ్యూజూ,

పార్సెల్ అందింది. నీ పసుపు దీపాలు బాగున్నాయి. బంపరు కింద పట్టి చూశాను. చిలక మొహం కప్ప మొహంలా అయింది. ఎందుకొచ్చిన దరిద్రమని బంపరు పైన అడ్డంగా ఒక కడ్డీ వేసి దాని మీద బిగించాను. రసమట్టం పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. నా జన్మలో ఏదీ వంకరగా పెట్టలేదు, ఇప్పుడు పెడతానా? రెండు పసుపువి నువ్వు పంపావు, రెండు తెల్లవి ఇక్కడి కొట్లో నేనే కొన్నాను. ఇంతదూరం వచ్చి సగం పని చేయడం నాకు చేతకాదు. నాలుగూ వరసగా ఉంటే ఎంత అందంగా ఉందనుకున్నావు! వీధిలో ఇద్దరు ఆగి చూశారు.

నాలుగింటికీ ఒకే స్విచ్చు పెట్టాను. మంచులో వెతుక్కోవడమెందుకు? ఫ్యూజు రెండుసార్లు మాడిపోయింది, నువ్వు కాదులే, డబ్బాలోది. మూడోసారి లావుపాటి తీగముక్క చుట్టాను. అప్పట్నుంచీ పోలేదు.

ఇక పరీక్ష సంగతి. మీ అక్క వెళ్ళే బస్సు వెనకాలే నేనూ చిలకలో వెళుతున్నాను. ఇవాళ కొత్తగా కాదు, ఆవిడ బస్సెక్కిన దగ్గర్నుంచీ వెళుతున్నాను. బస్టాండు బయట కిళ్ళీకొట్టు పక్కన ఆపుకుని కూర్చుంటాను. బస్సు కదలగానే నేనూ కదులుతాను. ఆసుపత్రి గేటులోకి ఆవిడ వెళ్ళేదాకా చూసి వెనక్కి తిరుగుతాను. సాయంత్రం మళ్ళీ అంతే. మీ అక్క చివరి సీట్లో కూర్చుంటుంది, ఆవిడకి తెలియదు. ఇంతకీ మొన్న కనుమలో మంచు తగిలింది. స్విచ్చు నొక్కాను. ఏం చెప్పమంటావురా, ఎదురుగా సున్నం కొట్టిన గోడ లేచింది. బస్సు తోక దీపం కూడా మాయమైంది. మీటరులో ముల్లు నువ్వన్నట్టే ఎడమకి వాలిపోయింది. అంతలో బస్సు ఆగింది. డ్రైవరు దిగి నా కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏంటి పెద్దాయనా, నా అద్దంలో సూర్యుణ్ణి తెచ్చి పెట్టారు? బస్సు నేను తోలాలా, మీరు తోలతారా?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ బస్సులో మీ అక్క ఉంది. దీపాలు ఆర్పేసి, తల దించుకుని కూర్చున్నాను. నువ్వు పంపినవాటిలోనే ఏదో లోపముంది. సరిచూసి చెప్పు.

చిరాకులో ఉన్న
మీ బావ


డిసెంబరు 1

బావా,

దీపాల సంగతి తర్వాత. ముందు నాకు జవాబు చెప్పు. నువ్వు మా అక్క వెనకాల కాపలా తిరుగుతున్నావా?

బస్టాండు బయట నక్కి కూర్చోవడమేమిటి? ఆసుపత్రి గేటు దాకా చూడటమేమిటి? ఆవిడకి తెలియకుండా పొద్దునా సాయంత్రమూ వెంటపడటమేమిటి? ఈ వయసులో నీకిదేం బుద్ధి? ఇన్నాళ్ళ కాపురంలో ఆవిడ నీకు ఒక్క మాట దాచిందా? ఎవరితో మాట్లాడుతుందో చూడాలనా, ఎక్కడ దిగుతుందో తెలుసుకోవాలనా? ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. బావవని ఊరుకున్నాను గానీ ఇంకెవడైనా అయితే వెంటనే బస్సెక్కి వచ్చి చొక్కా పట్టుకునేవాణ్ణి. మీ చెల్లెలు, అన్నయ్య అలాంటివాడు కాదండీ, ఏదో కారణం ఉండే ఉంటుందంటోంది. ఆ కారణమేదో నువ్వే రాయి.

ఇక నువ్వు చేసిన ఘనకార్యం. ఫ్యూజు మాడిందంటే అది నీ మంచికే మాడింది. దానికి బదులు తీగ చుట్టినవాడిని ఏమనాలి? ఆ తీగ ముందు పీకెయ్. ఇవాళే పీకెయ్, లేకపోతే చిలక కాలి బొగ్గవుతుంది. తెల్లవి రెండూ విప్పి అటకెక్కించు. పసుపువి బంపరు కిందకి దించు. కప్పలా ఉంటే ఉండనీ. రసమట్టం పెట్టావు చూడు, అక్కడే ఉంది లోపం, నా దీపాల్లో లేదు. మంచులో దీపం సమంగా చూడకూడదు బావా. కొంచెం తల వంచి నేలని చూడాలి. గోడ ముందు బండి ఆపి, వెలుగు పై అంచు దీపమున్న ఎత్తుకన్నా కిందకి పడేదాకా వంచి, అప్పుడు బిగించు.

కోపంగా ఉన్నాను కాబట్టి ఇంకేమీ రాయను.
నీ బావమరిది


డిసెంబరు 9

ఫ్యూజుకి,

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఇంట్లో లేను. మీ అక్క విప్పింది.

నేను వచ్చేసరికి అది భోజనాలబల్ల మీద, నీళ్ళచెంబు కింద ఉంది, చక్కగా మడతపెట్టి. ఆవిడ నా వైపు చూడలేదు. చదివావా అన్నాను. చదివానంది. ఏమంటావు అన్నాను. కూర చల్లారిపోతుంది, తినండి అంది. ఆ తర్వాత ఈ ఇంట్లో ఆ మాట రాలేదు. నువ్వు వచ్చి చొక్కా పట్టుకున్నా ఇంతకన్నా బాగుండేది.

అనుమానమా? ఆవిడ మీద? నీకు బుర్ర ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ బస్సు చూశావా నువ్వు? టైర్లు గుండుకొట్టించుకున్నట్టుంటాయి. కనుమలో ఎక్కడైనా ఆగిపోతే, ఏదైనా అయితే, వెనకాల నేనుంటాను కదా అని వెళుతున్నాను. ఇంట్లో ఉండి ఏం చేయను? గడియారం చూస్తాను. వీధిలోకి వెళ్ళి వస్తాను. పేపరు తీస్తే అక్షరాలు ఎక్కవు. బస్సు వెనకాల ఉన్నంతసేపే నా గుండె కుదురుగా కొట్టుకుంటుంది. ఇది రాయాల్సి వస్తుందనుకోలేదు.

తీగ పీకేశాను. దీపాలు కూడా పీకేద్దామనుకుంటున్నాను. అసలు చిలకనే అమ్మేస్తున్నాను. గ్యారేజీ ఆయన ఎవరినో తీసుకొస్తానన్నాడు, జనవరిలో వచ్చి చూస్తారట. ఆవిడ కూర్చోని సీటు నాకెందుకు? నేనూ బస్సెక్కుతాను, డ్రైవరుకి నా పీడ వదులుతుంది.

మీ బావ


డిసెంబరు 15

బావా,

నన్ను తిట్టు. కావాలంటే ఉత్తరం నిండా తిట్లే రాయి, దాచుకుంటాను. నా నోటికి హద్దు లేదని మీ చెల్లెలు రోజూ చెబుతూనే ఉంది. ఆ ఉత్తరం అక్క చేతిలో పడిందని చదివి అన్నం సహించలేదు.

నీ ఉత్తరం కన్నా ముందు రోజు అక్క దగ్గర్నుంచి నాకు ఒకటొచ్చింది. నీకు చెప్పొద్దంది. నా కడుపులో మాట దాగదని తెలిసీ నాకు రాసిందంటే, నీకు చెప్పమనే లెక్క. ఆవిడ రాసినట్టే రాస్తున్నాను.

"మీ బావ నన్ను అనుమానించడమేమిట్రా, మతిపోయిందా నీకు? ఆయన వెనకాల వస్తున్నారని నాకు మొదటి రోజే తెలుసు. చివరి సీటు ఎందుకు పట్టుకుంటున్నాననుకున్నావు? పొగంతా అక్కడికే కొడుతుంది, గతుకు గతుక్కీ నడుం విరుగుతుంది. వెనక అద్దంలోంచి చూస్తే చిలక కనబడుతుందని కూర్చుంటాను. ఒక్కోసారి మలుపు తిరిగాక రావడం ఆలస్యమైతే ప్రాణం పోయినంత పనవుతుంది.

"నాకు మంచంటే భయం లేదు. ఆ రోజు కనబడుతోందా అని అడిగాను. కనబడుతోందన్నారు. కాసేపాగి మళ్ళీ అడిగాను, నాకేం తెలియదా అన్నట్టు, కనబడుతోందన్నారు. ఆ గొంతు నేను రోజూ వింటానురా. అట్ట మీద కింది వరస ఒక్క అక్షరం కనబడకపోయినా, ముందువాడు చదివింది విని గడగడా అప్పచెప్పేస్తారు కొందరు. అచ్చం అదే గొంతు. వాళ్ళని మందలించి కళ్ళజోడు రాసిస్తాను. ఈయనకేం రాసివ్వను? ఎడమ వైపు అంచు నాకు కనబడుతూనే ఉంది, నేను కూర్చున్నదే ఆ వైపు. కనబడట్లేదు, నువ్వు చూసి చెప్పు అంటే చెప్పేదాన్ని కదా. అనలేదు. చక్రం దిగిపోయింది. నేను పక్కన కూర్చునేది ఉత్తి బరువుకా?"

ఇదీ ఆవిడ రాసింది. నేను ఇంకొక్క ముక్క కలపలేదు. దీపాలు లేవని కాదు బావా ఆవిడ బండి దిగింది.

చిలకని అమ్మకు. తెల్లవి విప్పి, పసుపువి కిందకి దించి, తల వంచి బిగించు. మిగతాది నా పనిముట్లతో అయ్యేది కాదు.

సిగ్గుపడుతున్న
నీ బావమరిది


డిసెంబరు 20

ఫ్యూజూ,

నాకు కనబడింది. ఆ రోజు నాకు రోడ్డు కనబడుతూనే ఉంది. కల్వర్టు దగ్గర మన్ను జారి రోడ్డు ఎడమపక్క తెగి ఉంది, అందువల్ల చక్రం దిగింది. చూపు సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. దూరాన కర్ర పాతితే ఎంత దూరమో కొలత గొలుసు వేయకుండా చెప్పినవాణ్ణి. ఆఫీసులో అడుగు, చెబుతారు.

నువ్వు చెప్పినట్టే దీపాలు మార్చాను. కప్పలాగే ఉంది. గ్యారేజీ ఆయన కొనేవాణ్ణి వచ్చే నెల మొదట్లో తెస్తానన్నాడు, రమ్మన్నాను.

మీ అక్క ఇంకేమైనా రాసిందా?

మీ బావ


డిసెంబరు 27

బావా,

ఇంకేమీ రాయలేదు.

మీరిద్దరూ ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తింటారు. చెవులు వినబడనివాణ్ణి నేను. నన్నా అడుగుతావు?

నీ బావమరిది


జనవరి 8

ఒరేయ్ ఫ్యూజూ,

కూర్చుని చదువు, పొడుగు ఉత్తరం.

నిన్న పొద్దున మీ అక్క బస్సు వెనకాల బయల్దేరాను. కింద ఊళ్ళో మంచు లేదు. కనుమ మొదలవగానే మొదలైంది, ఒక మలుపు తర్వాత ఇంకాస్త, ఇంకో మలుపు తర్వాత ఇంకాస్త. పసుపు దీపాలు వేశాను. నిజం ఒప్పుకోవాలి, పనితనమంటే నీదేరా. వెలుగు నేలని పట్టుకుని పాకుతోంది. కంకర రాళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. మీటరు ముల్లు మధ్యలో బుద్ధిగా నిలబడింది. నాకు లోలోపల ఒకటే ఉబ్బు.

కొంతదూరం పోయాక బస్సు ఆగిపోయింది. ఆ డ్రైవరే దిగి వచ్చాడు. మళ్ళీ ఏం అంటాడోనని దీపాలు ఆర్పబోయాను.

"ఆర్పకండి పెద్దాయనా" అన్నాడు. "నా దీపాలకి మంచు గోడ తప్ప ఏమీ ఆనట్లేదు. మీవి రోడ్డు మీద పడుతున్నాయి. మీరు ముందు నడవండి, మీ తోక పట్టుకుని వస్తాను."

విన్నావా? ఇన్నాళ్ళూ నేను బస్సు వెనకాల, నిన్న బస్సు నా వెనకాల! పక్కనుంచి దాటుతూ చివరి కిటికీ వైపు చూశాను. మీ అక్క చూస్తోంది. నేను సీట్లో నిటారుగా సర్దుకున్నాను. నీకు చెప్పడానికి సిగ్గెందుకు, పెళ్ళినాడు కూడా అంత నిటారుగా కూర్చోలేదు.

నాలుగు మలుపులు బాగానే వెళ్ళాం. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి మంచు నేల దాకా దిగిపోయింది. పసుపు వెలుగు ముక్కు ముందు ఒక చాపంత పడి ఆగిపోతోంది. నేను కూర్చున్నది కుడివైపు, ముందు అంత పొడుగు ముక్కు. ఎడమ అంచు నాకు లేదు. అంటే కనబడటం లేదు. రోడ్డు ఎటు తిరుగుతుందో గుర్తు తెచ్చుకోబోయాను. కనుమంతా నేను కొలిచిందే, నా చేత్తో గీసిందే, అంచనాతో వెళ్ళిపోవచ్చు అనుకున్నాను. కాలు పెడలు మీదకి వెళ్ళింది కూడా. అప్పుడు అద్దంలో వెనకాల బస్సు దీపాలు చూశాను. బస్సు నిండా జనం. మీ అక్క. నేను ఎటు తిరిగితే అటు తిరుగుతారు వాళ్ళంతా. కాలు వెనక్కి తీసుకున్నాను.

బండి ఆపి దిగాను. బస్సు దగ్గరికి నడిచాను. డ్రైవరు ఏమిటంటున్నాడు, కండక్టరు ఏమిటంటున్నాడు, నేను ఎవరికీ జవాబు చెప్పకుండా బస్సెక్కి చివరిదాకా వెళ్ళాను. అందరూ తలలు తిప్పి చూస్తున్నారు. మీ అక్క ముందు నిలబడ్డాను.

"నాకు కనబడటం లేదు" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, ఆసుపత్రిలో అడిగినట్టే అడిగింది.

"ఏది కనబడటం లేదు?"

"ఎడమ అంచు. అంచేమిటి, ఏమీ కనబడటం లేదు. ఆ రోజు కూడా కనబడలేదు. నువ్వొచ్చి చూసి చెప్పు."

వెనక ఎవరో దగ్గారు. మీ అక్క బ్యాగు భుజాన వేసుకుని లేచింది. కండక్టరు పక్కకి ఒదిగాడు. దారిలో ఒక పెద్దావిడ, జాగ్రత్తమ్మా, అంది. చిలక తలుపు నేను తీసేలోపు ఆవిడే తీసుకుని కూర్చుంది. పక్క అద్దం దించి, తల బయటపెట్టింది.

"కొంచెం కుడికి. ఇంకొంచెం. ఆగండి, రాయి ఉంది. ఇప్పుడు రండి. నెమ్మదిగా. నెమ్మదిగా అంటే నెమ్మదిగా కాదా? ఆఁ, అలా."

అలా చెబుతూనే ఉంది కొండపైదాకా. ఆవిడ తిప్పమన్నప్పుడు తిప్పాను, ఆగమన్నప్పుడు ఆగాను. వెనకాల బస్సు ఏనుగులా వస్తోంది. కల్వర్టు ఎప్పుడు దాటామో నాకు తెలియదు, ఆవిడకి తెలుసు. పైకి వచ్చాక ఎండ. బస్సు మమ్మల్ని దాటుతూ ఒక పెద్ద హారన్ కొట్టింది, అది నీకు కూడా వినబడి ఉంటుంది. ఆవిడ బస్సెక్కుతుందేమోనని బండి పక్కకి తీశాను. జుట్టంతా మంచుకి తడిసి ఉంది. రుమాలుతో తుడుచుకుంటూ, ఎందుకు ఆపారు, నాకు ఆలస్యమవుతుంది, పోనివ్వండి అంది.

సాయంత్రం గేటు ముందు ఆగాను. బస్సు వైపు చూడను కూడా చూడకుండా వచ్చి కూర్చుంది.

గ్యారేజీ ఆయన ఇవాళ కొనేవాణ్ణి తీసుకొచ్చాడు. చిలక అమ్మకానికి లేదన్నాను. మరి రమ్మన్నారుగా అన్నాడు. కాఫీకి రమ్మన్నాననుకో అన్నాను. తాగి వెళ్ళారు. తెల్ల దీపాలు రెండూ అటక మీదున్నాయి, ఎవరికైనా కావాలంటే చెప్పు.

చెప్పింది వినడం నేర్చుకుంటున్న
మీ బావ


జనవరి 21

తమ్ముడూ,

పై ఉత్తరం రాసి, కవరులో పెట్టి, పోస్టు చేయడం మర్చిపోయి చిలక సీటు కింద పెట్టుకు తిరుగుతున్నారు మీ బావ. ఇవాళ నా చేతికి దొరికింది. చదివాను. మనింట్లో ఒకరి ఉత్తరాలు ఒకరు చదవడం అలవాటైపోయింది కదా. రాసిందంతా నిజమే. పెళ్ళినాటి సంగతి మాత్రం అబద్ధం, ఆ రోజు నాకన్నా నిటారుగా కూర్చున్నారు.

ఇంకో ముక్క కలిపి నేనే పోస్టు చేస్తున్నాను. మంచు కాలం దాదాపు అయిపోయింది. నిన్న పొద్దున కనుమ అద్దంలా ఉంది. ఎండ కళ్ళలో పొడుస్తోంది, దూరాన చెట్టు మీద పిట్ట కూడా తెలుస్తోంది. కల్వర్టు మలుపు వచ్చింది. పాత అలవాటుకొద్దీ, కనబడుతోందా అన్నాను.

"లేదు, నువ్వే చూసి చెప్పు" అన్నారు, ఎదురుగా చూస్తూ.

కళ్ళు పరీక్షించేదాన్ని, ఆ గొంతు నాకు తెలియదా? అయినా అద్దం దించి, తల బయటపెట్టి, ఎడమవైపు అంతా బాగానే ఉంది, రండి అన్నాను.

అక్క